పిక్ రాసిన సోలోలు: ఆల్టర్నేట్ పికింగ్‌తో తొంభై రోజులు

1వ రోజు

డి మైనర్ సెవెన్ అనే ఒక్క కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) మీదే తిరిగే బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని, దాని మీద గిటార్ మూడు నిమిషాలు చేతికొచ్చినట్టు వాయించి ఫోన్‌లో రికార్డు చేశాను. టెంపో 100, అంటే నిమిషానికి వంద బీట్లు.

తిరిగి వింటే సంగతి తేలిపోయింది. నింపాదిగా సాగినంతసేపూ ప్రతి నోటూ పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తగిలే పలుకుతోంది. బీటుకు నాలుగు నోట్లు, అంటే సిక్స్‌టీన్త్‌లు మొదలవగానే ఎడమచెయ్యి పరుగున వచ్చి ఆదుకుంటోంది. మూడు నోట్లకు ఒకటే పిక్‌తో కొడుతున్నాను, మిగతా రెండూ హ్యామర్-ఆన్, అంటే పిక్ లేకుండా ఎడమచేతి వేలితో తీగను నొక్కి పలికించడం. హ్యామర్-ఆన్ వాడటం తప్పని కాదు. కానీ నేను కావాలని వాడటం లేదు, కుడిచెయ్యి చేతులెత్తేసింది కాబట్టి వాడుతున్నాను. ఇన్నాళ్లూ డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) ఈ గుట్టును కాపాడింది. ఆ గరగర లేని క్లీన్ టోన్‌లో, రివర్బ్ (ప్రతిధ్వని) కూడా తీసేసి వింటే దాచడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే ఈ డైరీ. లెక్క ఇలా పెట్టుకున్నాను: తొంభై రోజులు, రోజుకు నలభై నిమిషాలు. పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి, డౌన్, అప్, డౌన్, అప్ అన్న వరస (అదే ఆల్టర్నేట్ పికింగ్) తప్పకుండా 120 టెంపోలో సిక్స్‌టీన్త్‌లు, అదీ స్కేల్ అప్పజెప్పినట్టు కాకుండా అప్పటికప్పుడు అల్లుతూ. 120లో సిక్స్‌టీన్త్‌లంటే సెకనుకు ఎనిమిది నోట్లు, ఒక్కో దెబ్బకు 125 మిల్లీసెకన్లు. కాగితం మీద రాసుకుంటే పెద్ద కష్టంగా కనిపించదు.

4వ రోజు

అందరూ చెప్పే దారే పట్టాను. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని బీటు చెప్పే పరికరం) 60లో పెట్టడం, శుభ్రంగా వచ్చాక నాలుగు పెంచడం. డి డోరియన్ అనే స్కేల్, పదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) నుంచి, తీగకు మూడు నోట్లు: ఆరో తీగ మీద 10, 12, 13, ఐదు, నాలుగు, మూడు తీగల మీద 10, 12, 14, చివరి రెండు తీగల మీద 12, 13, 15. మొత్తం పద్దెనిమిది నోట్లు.

84 వరకు బాగానే ఎక్కింది. 88 దగ్గర కూలబడింది. మూడు రోజులుగా అదే గోడ.

విసుగొచ్చి ఒక్క తీగ మీదే అటూ ఇటూ కొట్టి చూశాను. 132లో కూడా హాయిగా వచ్చింది! అంటే చేతికి వేగం లేక కాదు. తీగ మారే చోటే ఏదో జరుగుతోంది. మూడు రోజులు జబ్బు ఒకటైతే మందు ఇంకోదానికి వేసుకున్నానన్నమాట.

9వ రోజు

ఫోన్‌ను స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో, పిక్ మీదికి గురిపెట్టి తీశాను. 88 టెంపోలో ఒక్కో దెబ్బకు నలభై ఫ్రేములు దొరికాయి. కంటికి కనబడనిదంతా అందులో ఉంది.

నా పిక్ నిటారుగా లేదు, కొద్దిగా నేలవైపు వాలి ఉంది. ఆ వాలు వల్ల డౌన్‌స్ట్రోక్ కొట్టిన ప్రతిసారీ మొన రెండు తీగల నడుమకు దిగబడుతోంది. అప్‌స్ట్రోక్ కొట్టినప్పుడు మాత్రం తీగల మట్టం దాటి గాలిలోకి లేస్తోంది. కాబట్టి అప్‌స్ట్రోక్ తర్వాత ఏ తీగకైనా పోవచ్చు, దారి తెరిచే ఉంటుంది. డౌన్‌స్ట్రోక్ తర్వాత పోవాలంటే ముందు ఆ గుంటలోంచి పైకి రావాలి.

ఇప్పుడు ఆ పద్దెనిమిది నోట్లను చూడండి. తీగకు మూడు నోట్లు, మొదటిది డౌన్. ఆరో తీగ మీద డౌన్-అప్-డౌన్ అయ్యాక ఐదో తీగకు మారాలి, పిక్ గుంటలో ఉంది. ఐదో తీగ మీద అప్-డౌన్-అప్, నాలుగుకు మారడం తేలిక. నాలుగు నుంచి మూడుకు మళ్లీ గుంట. మూడు నుంచి రెండుకు తేలిక. రెండు నుంచి ఒకటికి గుంట. ఐదు మలుపుల్లో మూడు చోట్ల ఇరుక్కుంటున్నాను. పాత రికార్డింగులు మళ్లీ విన్నాను, తడబడిన ప్రతి చోటూ ఈ మూడింట్లోనే ఉంది. ఒక్కటి కూడా బయట లేదు.

ఆ రాత్రి ఇంకేమీ వాయించలేదు. వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను.

10వ రోజు

రుజువు కోసం పెంటాటోనిక్ (ఐదు స్వరాల స్కేల్) తీసుకున్నాను. తీగకు రెండు నోట్లు, డౌన్-అప్, డౌన్-అప్. ప్రతి మలుపూ అప్‌స్ట్రోక్ తర్వాతే. 112! ఇన్నేళ్లుగా నా వేగం సోలోలన్నీ పెంటాటోనిక్‌లోనే ఎందుకు ఉంటాయో ఇవాళ తెలిసింది. అది నా అభిరుచి అనుకున్నాను.

17వ రోజు

పిక్ మార్చాను. ఇంతకుముందు వాడినది పలచనిది, 0.73 మిల్లీమీటర్లు, తీగ తగలగానే వంగి మళ్లీ నిలబడటానికి కాస్త సమయం తింటోంది. ఇప్పుడు జాజ్ త్రీ అనే రకం, 1.38 మిల్లీమీటర్లు, చిన్న ఆకారం, సూటి మొన. వేగం పెరగలేదు, కానీ తప్పు ఎక్కడ జరిగిందో చెవికి స్పష్టంగా వినిపిస్తోంది. అది చాలు. పరికరాల గురించి ఇంతకంటే రాయను, ఆ వంకతో ప్రాక్టీసు ఎగ్గొట్టడం నాకు బాగా అలవాటు.

19వ రోజు

ముంజేతిలో నొప్పి. మోచేతిని బిగబట్టి కొడుతున్నాను, మణికట్టు ఊరికే దానివెంట ఊగుతోంది. ఒక్క తీగ మీద 132 వచ్చిందని మురిసిపోయానే, అది మోచేతి వణుకుతో వచ్చిన వేగం. దాన్ని తీగలు మార్చడానికి వాడలేను, ఎక్కువసేపు నడపలేను. నాలుగు రోజులు గిటార్ ముట్టకూడదని నిర్ణయించుకున్నాను.

24వ రోజు

మళ్లీ మొదలు. ఈసారి మణికట్టుతోనే, పిక్‌ను జారిపోనంత మాత్రమే పట్టుకుని.

ఇక్కడ ఒక విషయంలో పప్పులో కాలేశానని ఒప్పుకోవాలి. నెమ్మదిగా శుభ్రంగా చేస్తే వేగం దానంతటదే వస్తుందని నమ్మాను. 60లో నా పిక్ ప్రతి తీగ మీదా ఎగిరి దూకుతోంది, ఎందుకంటే అంత నెమ్మదిలో ఎగిరి దూకడానికి కావలసినంత సమయం ఉంది. 110లో ఆ సమయం ఉండదు. అంటే 60లో నేను సాధన చేస్తున్నది 110లో అసలు పనికిరాని కదలిక. నడకను ఎంత సాధన చేసినా అది పరుగు కాదు కదా, కాళ్లు పడే తీరే వేరు.

అందుకని తలకిందులు చేశాను. 112 టెంపోలో ఐదే నోట్లు: ఒక తీగ మీద మూడు, తర్వాతి తీగ మీద రెండు. ఐదో నోటు బీటు మీద పడగానే ఆగడం, చెయ్యి వదులు చేయడం, రెండు బీట్లు మౌనం, మళ్లీ ఐదు నోట్లు. మొదట్లో చెత్తగా వస్తుంది. ఇరవై సార్లలో రెండు మూడు సార్లు ఉన్నట్టుండి తేలిగ్గా జారిపోతుంది. ఆ రెండు మూడు సార్లు చెయ్యి ఏం చేసిందో పట్టుకోవడమే అసలు ప్రాక్టీసు. పట్టుకున్నాక అదే కదలికను నెమ్మదిలోకి దించాలి.

అలా దొరికిన కదలిక ఇది: మూడో నోటుకు, అంటే ఇరుక్కునే ఆ డౌన్‌స్ట్రోక్‌కు ముందే ముంజెయ్యి ఇసుమంత తిరిగి పిక్ వాలును అటువైపు మారుస్తోంది. అప్పుడు డౌన్‌స్ట్రోక్ గుంటలోకి దిగకుండా గాలిలోకి లేస్తోంది. తాళంచెవి తిప్పినట్టు, అందులో పదోవంతు. నేను తిప్పుదామనుకుని తిప్పితే మాత్రం ఎక్కువైపోతోంది.

33వ రోజు

ఇవాళ ఎక్కువసేపు వినడానికే పోయింది. ఈ ఒక్క సమస్యను ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) గిటార్‌లో పెద్దవాళ్లు తలా ఒకలా దాటారు.

1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందాన్ని కట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ మొండి మనిషి. ఎంత వేగమైనా, తీగలు ఎన్ని మారినా దాదాపు ప్రతి నోటునూ పిక్‌తో కొట్టి పలికిస్తాడు. 19 ఏళ్ల వయసులో 1974లో రిటర్న్ టు ఫరెవర్ బృందంలో చేరిన ఆల్ డి మియోలా అదే దారి, పైగా అరచేతి అంచును తీగల మీద ఆనించి, ఒక్కో నోటూ టకటకమనేలా కోసి పెడతాడు. అలన్ హోల్డ్స్‌వర్త్ పూర్తిగా అవతలి ఒడ్డు. పిక్ చప్పుడే వద్దనుకుని ఎడమచేతి లెగాటోతో (నోట్లను తెగకుండా ఒకదానిలోంచి ఒకటి పలికించడంతో) శాక్సోఫోన్‌లా పారించాడు. ఫ్రాంక్ గాంబాలే మధ్యేమార్గం కనిపెట్టాడు: డౌన్‌స్ట్రోక్ గుంటలో పడుతోందా, పడనీ, అదే ఊపులో కింది తీగను కూడా డౌన్‌తోనే మీటేద్దాం అన్నాడు. స్వీప్ పికింగ్ అనే ఈ ఊడ్పును ఫ్యూజన్‌లో ఒక పూర్తి పద్ధతిగా నిలబెట్టింది ఆయనే.

తెలివిగా చూస్తే గాంబాలే దారి నాకు సుఖం, నా ఇబ్బందికి సూటి విరుగుడు. కానీ స్వీప్ చేసిన చోట నా నోట్లు ఒకదాని మీద ఒకటి పడి తోసుకుంటున్నాయి. నాకు కావలసింది పూసలు ఒక్కొక్కటిగా రాలే చప్పుడు. కాబట్టి మొండిదారే.

1980 డిసెంబరులో మెక్‌లాఫ్లిన్, డి మియోలా, ఫ్లమెంకో గిటారిస్టు పాకో డి లూసియా కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో వాయించిన రికార్డింగు వింటుంటే ఒకటి తట్టింది. పాకో చేతిలో పిక్ లేదు. చూపుడు వేలు, మధ్య వేలు ఒకదాని తర్వాత ఒకటి. అదీ ఆల్టర్నేటే కదా! ఆ వేళ్లకు గుంట బాధ లేదు, అదొక్కటే తేడా.

41వ రోజు

బేస్ గిటార్ వాయించే మిత్రుడితో గంటసేపు జామ్, అంటే కలిసి అప్పటికప్పుడు వాయించుకోవడం. మెట్రోనోమ్ లేదు, వాడే మెట్రోనోమ్. 104 టెంపోలో నాలుగు నోట్ల గుంపులు, మూడు నోట్ల గుంపులు ఎక్కడా చిరగకుండా వచ్చాయి. లోపల పొంగిపోతూ ఆగాను. వాడు బేస్ పక్కన పెట్టి అన్నాడు:

"శుభ్రంగా వాయిస్తున్నావురా, కాదనను. కానీ ప్రతిదీ ఒకటో బీటు మీదే మొదలెడతావేంట్రా? నువ్వెప్పుడొస్తావో నాకు ముందే తెలిసిపోతోంది."

ఇంటికొచ్చి రికార్డింగు లెక్కపెట్టాను. ముప్పై ఒక్క ఫ్రేజులు (స్వరాలతో కట్టిన వాక్యాలు). ఇరవై ఏడు బీటు మీద మొదలయ్యాయి. అన్నీ డౌన్‌స్ట్రోక్‌తో.

కోపమొచ్చింది, వాడి మీద కాదు. నలభై రోజులుగా నేను బాగుచేసుకున్నదంతా డౌన్‌తో మొదలయ్యే కదలికే. చేతికి అదొక్కటే సురక్షితమైన గుమ్మం, అందుకని ప్రతి మాటా ఆ గుమ్మంలోంచే బయటికి వస్తోంది. మొదటి నోటు ఎక్కడ పడాలో, ఏ తీగ మీద ఎన్ని నోట్లుండాలో, ఎక్కడ ఆగాలో అన్నీ పిక్ చెబుతోంది. నేను సంతకం పెడుతున్నాను.

43వ రోజు నుంచి

ప్లాన్ మార్చాను. టెంపో పెంచడం ఆపేశాను. 80కి దిగాను.

కొత్త నియమం: చెయ్యి గడియారంలా కదులుతూనే ఉండాలి, కొట్టినా కొట్టకపోయినా. బీటును నాలుగు ముక్కలు చేస్తే ఒకటో, మూడో ముక్కకు చెయ్యి కిందికి, రెండో, నాలుగో ముక్కకు పైకి. నోటు లేని చోట పిక్ తీగను తాకకుండా గాలిలోనే పోతుంది. ఫ్రేజు రెండో ముక్క మీద మొదలైతే మొదటి దెబ్బ అప్‌స్ట్రోక్ కావలసిందే, తప్పించుకునే వీలు లేదు. రిథమ్ గిటార్ వాయించేటప్పుడు మనందరం ఆలోచించకుండా చేసేదే ఇది. సోలో దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేస్తామో!

మొదటి రోజు ఘోరం. అప్‌తో మొదలెట్టిన ఫ్రేజు మూడో నోటుకల్లా తనకు తెలియకుండానే డౌన్‌లోకి జారిపోతోంది. ఇంకో సంగతి, నా అప్‌స్ట్రోక్ నీరసంగా ఉంది. డౌన్ గట్టిగా, అప్ మెల్లగా, కుంటుకుంటూ నడిచినట్టు. జాజ్ ఎయిత్ నోట్లలో (బీటుకు రెండే నోట్లు) ఊనిక ఎక్కువగా బీటు మధ్యలో పడే నోటు మీద ఉంటుంది, అప్పుడు చెయ్యి బీటుకు ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోతుంది కాబట్టి అక్కడ పడేది అప్‌స్ట్రోకే. అంటే గట్టిగా పలకాల్సిన చోట నా చెయ్యి గుసగుసలాడుతోంది. వారం రోజులు ఒక్క తీగ మీద అప్‌స్ట్రోక్‌కు మాత్రమే ఊనిక ఇచ్చి కొట్టాను. దీని గురించి రాయడానికి ఏమీ లేదు, పరమ విసుగు.

55వ రోజు

ఇది మాత్రం పండగే.

మెక్‌లాఫ్లిన్ 1970ల్లో శక్తి బృందంలో జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్, ఎల్. శంకర్‌లతో వాయించాడు. ఆయన కొన్నక్కోల్ (జతులను నోటితో పలికే మన కర్ణాటక సంగీత విద్య) నేర్చుకున్నాడు, అందరినీ నేర్చుకోమంటాడు. ఆయన చెబితే గానీ మనకు గుర్తురాలేదు చూడండి! గిటార్ పక్కన పెట్టి నోటితో మొదలెట్టాను.

తకతకిట, తకతకిట, తకిటతకిట. ఐదు, ఐదు, ఆరు. మొత్తం పదహారు. నాలుగు బీట్ల బార్‌లో సరిగ్గా పదహారు సిక్స్‌టీన్త్‌లు. ఎక్కడా మిగలదు, చాలకపోదు. కాలుతో నాలుగు బీట్లు వేస్తూ ఇది పలుకుతుంటే ఊనికలు బీటుకు అడ్డంగా పడుతుంటాయి, చివర్లో అంతా ఒకటి మీద కలుస్తుంది.

ఇప్పుడు దీన్ని పిక్‌కు ఇస్తే? ఊనికలు ఒకటో, ఆరో, పదకొండో నోటు మీద. ఒకటి డౌన్. ఆరు అప్. పదకొండు డౌన్. రెండో తకతకిట మొదలయ్యేది అప్‌స్ట్రోక్‌తో! అదే ఫ్రేజు, అవే నోట్లు, మొదటిసారి డౌన్-అప్-డౌన్-అప్-డౌన్, రెండోసారి అప్-డౌన్-అప్-డౌన్-అప్. మొదటిసారి గుంట ఎక్కడుందో రెండోసారి అక్కడ దారి తెరిచి ఉంటుంది, తెరిచి ఉన్న చోట గుంట వస్తుంది. మెట్రోనోమ్‌తో ఆరు వారాలుగా నేను చేయలేనిది ఒక జతి చేసి పెట్టింది: రెండు గుమ్మాలనూ ఒకే బార్‌లో వాడించింది.

నోరు పలుకుతుంటే చెయ్యి వినడం వింతగా ఉంది. 80లో మొదలెట్టి మూడు రోజుల్లో 96. నోరు ఆపేస్తే 88కి పడిపోతోంది. ఆపకుండా గొణుగుతూనే వాయిస్తున్నాను, రికార్డింగులో వినబడుతోంది, పోనీ.

66వ రోజు

కార్డు మార్పులు తెచ్చాను. ఎనిమిది బార్లు డి మైనర్ సెవెన్, ఎనిమిది బార్లు ఒక ఫ్రెట్ పైకి, ఇ ఫ్లాట్ మైనర్ సెవెన్. ఆకారం అదే, చెయ్యి జరగాలంతే. కానీ ఎనిమిదో బార్ చివరి నుంచి తొమ్మిదో బార్‌లోకి ఫ్రేజును తెగకుండా దాటించడం వేరే విద్య. మార్పుకు ముందు బీటులో నేను ఏ తీగ మీద, ఏ దిశలో ఉన్నానో చూసుకోకపోతే అక్కడ చిన్న గాలి ఖాళీ వస్తుంది. వినేవాళ్లకు అది ఊపిరి పీల్చినట్టు వినిపించొచ్చు. నాకు తెలుసు అది భయమని.

ఇంకో చిట్కా దొరికింది. మూడో తీగ మీద 10, 12, 14 వాయించే చోట 11 కూడా కలిపాను: 10, 11, 12, 14. డోరియన్‌కు ఎఫ్ షార్ప్ చేర్చినట్టు, బీబాప్ అనే జాజ్ శైలి వాళ్ల పాత అలవాటే. స్కేల్‌లో లేని ఒక క్రోమాటిక్ నోటు చేరగానే తీగ మీద నోట్లు నాలుగు, సరిసంఖ్య. డౌన్‌తో ఆ తీగలోకి వస్తే అప్‌తో బయటపడతాను. రంగు వచ్చింది, దారీ తెరుచుకుంది.

71వ రోజు

పై చిట్కా గురించి అంత సంబరపడకుండా ఉండాల్సింది. ఐదు రోజుల రికార్డింగులు విన్నాను. మూడో తీగ మీదికి వెళ్లిన ప్రతిసారీ ఎఫ్ షార్ప్ ఉంది. ప్రతిసారీ! దొంగ దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి వచ్చాడు. నోటు బాగుంది, అది వచ్చిన కారణమే బాగాలేదు.

అందుకని మూడో తీగ మీద 11ను పది రోజులు నిషేధించాను. దాని బదులు ఆ మలుపును మూడు నోట్లతోనే, రెండు దిశల్లోనూ దాటడం. నిషేధం ఎత్తేశాక అది ఎప్పుడొస్తుందో చూడాలి.

78వ రోజు

మణికట్టు బాగుంది. నొప్పి తిరిగి రాలేదు. ఇవాళ పది నిమిషాలే కూర్చున్నాను.

84వ రోజు

మిత్రుడితో మళ్లీ జామ్. ఈసారి 108. పూర్తయ్యాక వాడు మెచ్చుకోలేదు, మాట్లాడలేదు. "ఆ తకతకిటది ఇంకోసారి వెయ్యిరా, నేను కింద నాలుగే పట్టుకుంటా" అన్నాడు. ఇరవై నిమిషాలు అదే తిప్పాం. రెండుసార్లు నేను తప్పిపోయాను, ఒకసారి వాడు తప్పిపోయాడు. వాడు తప్పిపోవడం నాకు మహా తృప్తిగా ఉందని ఇక్కడ రాసుకోవచ్చు, వాడు ఈ డైరీ చదవడు.

లెక్క తీశాను: ఇరవై ఎనిమిది ఫ్రేజుల్లో బీటు మీద మొదలైనవి పదమూడు.

90వ రోజు

మొదటి రోజు ట్రాకే, టెంపో మాత్రం పెంచి, అదే క్లీన్ టోన్, మూడు నిమిషాలు. 112లో దాదాపు మొత్తం పిక్‌తోనే నడిచింది, జారిన చోట్లు నాలుగు. 120లో రెండు బార్లు శుభ్రంగా వస్తాయి, మూడో బార్‌కు మోచెయ్యి బిగుసుకోవడం మొదలవుతుంది, అక్కడ నేనే ఆపేస్తున్నాను. పెట్టుకున్న గురి అందలేదు.

ఈ మూడు నిమిషాల్లో రెండుచోట్ల హ్యామర్-ఆన్ వాడాను. వింటే తెలిసింది, రెండూ నెమ్మది ఫ్రేజుల్లోనే, పిక్‌తో సులువుగా కొట్టగలిగిన చోట్లే ఉన్నాయి. మెత్తగా కావాలనిపించి వాడాను.

మిగిలిన బాకీ: మూడో తీగ నుంచి రెండో తీగకు పోయేటప్పుడు ఎడమచెయ్యి పదో ఫ్రెట్ నుంచి పన్నెండుకు జరగాలి, అదే క్షణంలో కుడిచెయ్యి తీగ మారాలి. రెండు చేతులూ కలవట్లేదు, ఎడమచెయ్యి వెంట్రుకవాసి ముందు వస్తోంది. రేపు 96లో ఆ ఒక్క మలుపు, అప్‌తో మొదలెట్టి, ఐదేసి నోట్లు. నిషేధం గడువు తీరింది, మూడో తీగ మీద 11 రావచ్చు.